చట్టం, మతం, సమాజం మీద పీహెచ్‌డీ: విశాఖలో ఉన్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: విశాఖలో ఎల్‌ఎల్‌ఎం పూర్తయింది. జిల్లా కోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా ఉన్నాను. చట్టం, మతం, సమాజం మూడూ కలిసే చోట పీహెచ్‌డీ చేయాలని ఉంది. మత స్వేచ్ఛపై సుప్రీంకోర్టు తీర్పులు తీసుకుందామనుకుంటున్నాను. లా డిపార్ట్‌మెంట్‌లో చేరాలా, సోషియాలజీలోనా? నెట్ లేకపోతే కుదరదా? విదేశాలకు ప్రయత్నించవచ్చా? ఇంత చదివాక ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

సమాధానం:

ముందు టాపిక్ తేల్చుకోండి. గైడు, డిపార్ట్‌మెంట్, ఫెలోషిప్ అన్నీ దాని వెనక వచ్చేవే. చాలామంది తిరగేసి చేస్తారు. ముందు సీటు సంపాదిస్తారు, తర్వాత గైడు గారు ఏది చెబితే అది రాసుకుంటారు. కంపెనీ లాలో అయితే అలా నడిచిపోతుందేమో గానీ మతం మీద మాత్రం నడవదు. మీ కులం, మీ ఇంటి దేవుడు, మీ నాన్నగారి అభిప్రాయాలు అన్నీ మధ్యలో అడ్డం వచ్చే విషయం ఇది. వేరేవాళ్లు అంటగట్టిన టాపిక్‌తో అన్నేళ్లు కూర్చోలేరు.

"మత స్వేచ్ఛపై సుప్రీంకోర్టు తీర్పులు" అని మీరు రాశారు. నిజం చెప్పాలంటే అది ఇంకా టాపిక్ కాలేదు. 1954 శిరూర్ మఠం కేసుతో మొదలుపెట్టి, 1961 అజ్మీర్ దర్గా కేసు మీదుగా 2018 శబరిమల దాకా వచ్చి, "మతానికి అత్యవసరమైన ఆచారం" అన్న పరీక్ష ఎలా పుట్టిందో, ఎలా మారిందో రాసి, చివర నాలుగు సూచనలు పెట్టిన థీసిస్‌లు మన లైబ్రరీల్లో కావలసినన్ని ఉన్నాయి. శబరిమల రివ్యూలో 2019 నవంబరులో ఈ పరీక్షనే పెద్ద బెంచికి పంపారు, 9 మంది న్యాయమూర్తులతో బెంచి ఏర్పడింది. మీ థీసిస్ మొత్తం ఆ ఒక్క పరీక్ష మీద నిలబడితే, సబ్మిషన్ ముందు నెలలో వచ్చే ఒక తీర్పు మూడు అధ్యాయాలను పాతిపెట్టేయగలదు. ఆ తీర్పులు చదవాల్సిందే. కానీ అవి మీ రెండో అధ్యాయం అవుతాయి, అంతే.

నా అనుభవంలో ఈ సబ్జెక్టుకు అసలు సరుకు సుప్రీంకోర్టులో తక్కువ, గుడి ఈఓ (కార్యనిర్వహణాధికారి) ఆఫీసులో ఎక్కువ. టీచింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు దేవదాయ శాఖ కేసులే చూశాను కాబట్టి నాకు ఆ పక్షపాతం ఉందనుకోండి, తప్పు లేదు. కానీ ఢిల్లీలోనో బెంగళూరులోనో కూర్చున్న విద్యార్థికి లేని సౌకర్యం మీకుంది. ఊరు దాటకుండానే దొరికే సరుకు చెబుతాను.

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి మీరు వెళ్లే ఉంటారు. ఈసారి మార్గశిర గురువారం నాడు లాయరు కళ్లతో చూడండి. అమ్మవారి మీద కప్పు లేదు. భక్తులు తామే వచ్చి పసుపు రాస్తారు, కుంకుమ వేస్తారు, పాలు పోస్తారు. పళ్లెం పూజారి చేతికిచ్చి, గోత్రం చెప్పి, గడప ఇవతల నిలబడే పద్ధతి కాదు. ఏ కులమని అడిగేవాళ్లు లేరు. ఇంటికొచ్చి 1972 శేషమ్మాళ్ తీర్పు తెరవండి. ఆగమ శాస్త్రం ప్రకారం పూజలు జరిగే దేవాలయంలో విగ్రహాన్ని ఎవరు తాకవచ్చు, ఎవరు తాకితే అపచారం అన్న చర్చ అందులో పేజీల కొద్దీ ఉంటుంది. మన గుళ్లకు సంబంధించిన చట్టం, అంటే ఆంధ్రప్రదేశ్ ధార్మిక, హిందూ మత సంస్థల, దేవదాయ చట్టం, 1987 కూడా గుడి అనగానే అర్చకుడు, ధర్మకర్త, ఈఓ, దిట్టం (గుడిలో దేనికెంత ఖర్చన్న పట్టిక) అన్న చట్రంలోనే ఆలోచిస్తుంది. మరి భక్తుడే అర్చకుడైన గుడి ఆ చట్రంలో ఎలా ఇమిడింది? రద్దీ పెరిగి క్యూలైన్లు, టికెట్లు వచ్చాక ఆ తాకే హక్కు ఏమైంది? రేపు ఎవరైనా దాన్ని పరిమితం చేస్తే, అది మా ఆచారమని కోర్టులో నిరూపించేది ఎవరు? చూపించడానికి ఆగమ గ్రంథం లేదు. బురుజుపేట వీధుల్లో తరతరాలుగా ఉంటున్న ఆడవాళ్ల మాటే సాక్ష్యం కావాలి. కోర్టు పరీక్షలేమో గ్రంథాల వైపు చూస్తాయి. ఈ ఒక్క ఇరుకు మీదే ఒక థీసిస్ నిలబడుతుంది.

ఇక సింహాచలం. అనువంశిక ధర్మకర్త పదవి విజయనగరం పూసపాటి వంశానిది. 2020లో ఆ పదవిలో ప్రభుత్వం చేసిన మార్పును 2021 జూన్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ వివాదంలో రాజకీయం పేపర్లలో చదివారు. చట్టపరంగా ఆసక్తికరమైనది వేరే: వంశంలో పెద్ద మగవాడికే అన్న నియమం సమానత్వ హక్కు ముందు నిలుస్తుందా, ధర్మకర్తృత్వం ఆస్తి లాంటిదా, పదవి లాంటిదా? 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిట్టీ కేసులో, ఆ ఏడాదే నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు మన 1987 చట్టాన్నే పరీక్షించింది. ఒకటి అనువంశిక ధర్మకర్తల గురించి, రెండోది అర్చకుల మిరాశీ (వంశపారంపర్య హక్కు) గురించి. అర్చకుల విషయంలో రాష్ట్రం 2007లో చట్టం సవరించి కొంత వెనక్కి తగ్గింది కూడా. కోర్టులో గెలిచిన ప్రభుత్వం తర్వాత తానే ఎందుకు తగ్గింది అన్నది చట్టం ఒక్కటే చదివితే అర్థం కాదు. సమాజం అన్న మూడో మాట మీ టాపిక్‌లో ఉండటానికి కారణం అదే.

పంచగ్రామాల సంగతి విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. సింహాచలం దేవస్థానంతో భూమి తగాదా ఉన్న ఐదు ఊళ్లివి: అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. ఇనాం (దానంగా ఇచ్చిన భూమి) రద్దు చట్టం, రైత్వారీ పట్టా (రైతుకు నేరుగా ఇచ్చే హక్కు పత్రం), రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా. ఇల్లు కట్టుకుని దశాబ్దాలుగా ఉంటున్నవాడు దాన్ని అమ్ముకోలేడు, అయినా ఏటా చందనోత్సవానికి అదే దేవుడి కొండకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్తాడు. దేవుడు చట్టం దృష్టిలో ఆస్తి కలిగిన వ్యక్తి అన్న సూత్రం పుస్తకాల్లో చదివినప్పుడు ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆ వ్యక్తే మీ వీధి మొత్తానికి భూయజమాని అయినప్పుడు ఎలా ఉంటుందో గోశాల జంక్షన్ దగ్గర నాలుగిళ్లు తిరిగి అడగండి.

గుళ్ల మీద ఆసక్తి లేకపోతే మతమార్పిడి, కులం ధ్రువపత్రం వైపు చూడండి. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదాకు మతం షరతు ఉంది. మొదట హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి, వాళ్లకు రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్టీ హోదాకు ఈ మతం షరతు లేదు. అంటే అరకు వైపు ఒక క్రైస్తవ గిరిజన కుటుంబం ఎస్టీగానే ఉంటుంది, కొండ దిగి వస్తే అదే చర్చి సంఘంలోని దళిత కుటుంబం కాగితం మీద వేరే వర్గమైపోతుంది. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసు ఉంది, క్రైస్తవంలోకి మారిన తల్లిదండ్రుల కొడుకు తిరిగి హిందువై సీటు అడిగితే, కులం వాళ్లు కలుపుకున్నారా లేదా అన్నదే కొలబద్ద అంది సుప్రీంకోర్టు. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని వాడుకోలేడంది. ఈ రెండింటి మధ్య తహశీల్దారు ఆఫీసులో విచారణ ఎలా జరుగుతుంది, వీఆర్వో ఏం చూసి రిపోర్టు రాస్తాడు, ఇంట్లో గోడ మీద ఫొటోయా, పెళ్లి కార్డా? ఇది పని జరిగే చోటుకు వెళ్లి చూడాల్సిన విషయం. ఏజెన్సీలోనే ఇంకొకటి: హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మరి ఆడపిల్లకు భూమిలో వాటా ఏ ఆచారం ప్రకారం? 2025 జులైలో రామ్ చరణ్ కేసులో సుప్రీంకోర్టు గిరిజన స్త్రీల వారసత్వం గురించి గట్టిగానే మాట్లాడింది. పాడేరు డివిజన్‌లో ఆ మాట ఎంత దూరం చేరిందో ఎవరైనా రాయాలి.

ఇప్పుడు డిపార్ట్‌మెంట్. మీరు ఎల్‌ఎల్‌ఎం చేశారు కాబట్టి లా లోనే రిజిస్టర్ అవ్వండి. ఇందులో సందేహం పెట్టుకోవద్దు. రేపు లా కాలేజీలో పోస్టు పడితే స్క్రూటినీలో చూసేది డిగ్రీ మీద రాసిన సబ్జెక్టునే, మీ థీసిస్ ఎంత బాగుందని కాదు. సోషియాలజీలోనో ఆంత్రోపాలజీలోనో పీహెచ్‌డీ చేసి, అటు ఎంఏ లేక ఇటు లా పీహెచ్‌డీ కాక రెంటికీ చెడినవాళ్లున్నారు. కానీ కో-గైడు మాత్రం బయటి డిపార్ట్‌మెంట్ నుంచి ఉండాలి. ఆంధ్రా యూనివర్సిటీలో అంబేడ్కర్ న్యాయ కళాశాల, ఆంత్రోపాలజీ, హిస్టరీ, సోషియాలజీ అన్నీ ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి, నడిచి వెళ్లే దూరం. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, రుషికొండ వైపు గీతం ఉన్నాయి. మూడింటినీ చూడండి. ఏది గొప్పదని నన్ను అడగొద్దు. ఎవరి దగ్గర ఖాళీ ఉంది, ఆ మనిషి మీ డ్రాఫ్టు చదువుతారా అన్నవే అసలు ప్రశ్నలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందిని తీసుకోవచ్చు. పెద్ద పేరున్న ఎనిమిది మంది శిష్యుల ప్రొఫెసర్ కంటే, ఇద్దరే ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ మీ అధ్యాయాన్ని ఎర్ర పెన్నుతో తిప్పి పంపే అవకాశం ఎక్కువ. గైడుగా ఎంచుకునే ముందు ఆ మనిషి దగ్గర ఇప్పుడు చేస్తున్న ఇద్దరితో క్యాంటీన్‌లో టీ తాగండి. చివరిసారి మీటింగ్ ఎప్పుడైందని అడగండి చాలు.

నిబంధనలు త్వరగా చెప్పేస్తాను. పీజీలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్ మీద మరో రెండేళ్లు, మహిళలకు అదనంగా ఇంకో రెండేళ్లు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. పార్ట్‌టైమ్ కూడా చేయవచ్చు. నెట్ లేకుండా ఎంట్రన్స్‌లతో అడ్మిషన్లు ఇచ్చే చోట్లు ఉన్నాయి, నోటిఫికేషన్ చూసుకోండి. అయినా నెట్ రాయండి. 2024 జూన్ నుంచి నెట్‌లో మూడు కేటగిరీలు: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), లెక్చరర్‌షిప్‌తో పాటు పీహెచ్‌డీ అర్హత, పీహెచ్‌డీకి మాత్రమే అర్హత. వెనక రెండు కేటగిరీల వాళ్లకు స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కు చెల్లేది ఏడాదే.

డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. రాకపోతే చాలా చోట్ల ఏమీ రాదు, ఫీజు ఎదురు కట్టాలి. కాబట్టి జేఆర్‌ఎఫ్ కోసం ఒక ఏడాది గట్టిగా కూర్చోవడం వృథా కాదు. ఫెలోషిప్ తీసుకుంటూ ప్రాక్టీస్ ఆదాయం కుదరదు. సీనియర్ గారి ఆఫీసు వదలలేనంటే పార్ట్‌టైమ్‌కు వెళ్లండి. కానీ వకాలత్ పని పొద్దున్నా సాయంత్రమూ మింగేస్తుంది, రాయడానికి ఆదివారం ఒక్కటే మిగులుతుంది. ఆ ఆదివారం కూడా క్లయింటు ఫోన్ చేస్తాడు.

విదేశాలు మంచి ఆలోచనే. కానీ ఒక మాట ముందే తెలుసుకోండి. ఎస్సీ విద్యార్థులూ మరికొన్ని వర్గాలూ ఎక్కువగా ఆశ పెట్టుకునే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో నిబంధన మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు ఇవ్వబోమన్నారు. మీ టాపిక్ సూటిగా దాంట్లో పడుతుంది. అప్లై చేసే ఏడాది మార్గదర్శకాలు లైను లైను చదవండి. నాకైతే ఆ నిబంధన అన్యాయమే అనిపిస్తుంది, మన ఊరి చర్చి మీద, మన ఊరి మాల మాదిగ పేటల మీద రాయాలనుకునే పిల్లలకే తలుపు మూసినట్టు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌తో బ్రిటన్‌కు వెళ్లవచ్చు. లండన్‌లో సోయస్ యూనివర్సిటీ, జర్మనీలో హాలే నగరంలోని మాక్స్ ప్లాంక్ సామాజిక ఆంత్రోపాలజీ సంస్థ, అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ ఈ రంగంలో పేరున్న చోట్లు. అమెరికాలో ఎస్‌జేడీ (లా స్కూళ్లు ఇచ్చే డాక్టరేట్) వేరు, పీహెచ్‌డీ వేరు, ఎస్‌జేడీకి డబ్బు దొరకడం కష్టం. ఇక్కడే రిజిస్టర్ అయ్యి మధ్యలో ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద ఆరు నుంచి తొమ్మిది నెలలు వెళ్లి రావడం నాకు అన్నిటికంటే తెలివైన దారిగా కనిపిస్తుంది. సరుకు ఇక్కడుంది, పుస్తకాలు అక్కడున్నాయి.

రికార్డుల గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. విశాఖ 1953 దాకా మద్రాసు రాష్ట్రం. మన గుళ్ల పాత కాగితాలు, బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ఫైళ్లు, హిందూ దేవాదాయ బోర్డు ఫైళ్లు చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. అప్పీళ్లయితే 1954 దాకా మద్రాసు హైకోర్టు, తర్వాత గుంటూరు, 1956 నుంచి హైదరాబాద్, 2019 జనవరి 1 నుంచి అమరావతి. ఒకే గుడి కేసు నాలుగు ఊళ్లలో చెదిరి ఉంటుంది. ఇక్కడ మాత్రం మొదట అడగాల్సింది 1987 దేవదాయ చట్టం సెక్షన్ 43 కింద ఉండే రిజిస్టర్. అందులో గుడి పుట్టుపూర్వోత్తరాలు, ధర్మకర్తల పేర్లు, వారసత్వ ఆచారం, నౌకర్లు, వాళ్ల జీతభత్యాలు, ఆస్తులు, నగలు ఉంటాయి. చాలా గుళ్లకు అవి చేత్తో రాసిన తెలుగే. ఎవరో గుమాస్తా ఆచారం అన్న గడిలో రెండు ముక్కలు రాసి వదిలేస్తాడు, "పూర్వపు వాడుక ప్రకారం" అని. తర్వాత యాభై ఏళ్లు లాయర్లు ఆ రెండు ముక్కల మీద కొట్టుకుంటారు. ఆ రాసినవాడు ఎవరిని అడిగి రాశాడన్నది మీ పరిశోధన. ఆఫీసులో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల గడువు ఉంటుంది. కానీ దాన్ని రెండో అస్త్రంగా ఉంచుకోండి. దరఖాస్తు పెట్టిన మర్నాటి నుంచి ఆ ఆఫీసులో మీకు కుర్చీ వేయరు.

ఫీల్డులో జాగ్రత్తలు కూడా కావాలి. మతమార్పిడి మీద పనిచేస్తే మీతో మాట్లాడినవాళ్ల ధ్రువపత్రం రద్దయ్యే ప్రమాదం ఉంది. పేర్లు, ఊళ్లు మార్చడం సరిపోదు, కుటుంబ వివరాలతో ఇట్టే పట్టేస్తారు. రికార్డింగ్ ఫైళ్లు ఫోన్‌లో వదలొద్దు. మీ మతం, మీ కులం ముందే అడుగుతారు, అడగకుండానే ఇంటిపేరును బట్టి లెక్క వేసుకుంటారు కూడా. దాచకండి. మీరెవరో తెలిశాక కూడా మాట్లాడినవాళ్ల మాటకే విలువ.

ఉద్యోగం సంగతి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 2023 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) చాలు. అంటే పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదు, లేనంత మాత్రాన ఆగదు. స్టేట్ యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాల కోసం ఎదురుచూస్తూ గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లు గడిపినవాళ్లు ఎందరో. ప్రైవేటు లా స్కూళ్లు, లా యూనివర్సిటీలు కొంత మెరుగు. ప్రాక్టీస్‌కు తిరిగి వచ్చినా ఈ చదువు ఊరికే పోదు. దేవదాయ ట్రిబ్యునల్ కేసులు, వక్ఫ్ కేసులు, చర్చి ఆస్తుల సూట్లు చేయగల లాయర్లు ఉత్తరాంధ్రలో తక్కువ, 2025 వక్ఫ్ సవరణ చట్టం తర్వాత ఆ పని ఇంకా పెరుగుతుంది. ఇంట్లో వాళ్లకు ఈ చివరి మాట చెప్పండి, కొంచెం కుదుటపడతారు.

ఇక పబ్లికేషన్లు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్ల జోలికి పోవద్దు. థీసిస్ ఇవ్వాలంటే పేపర్లు అచ్చవ్వాలన్న షరతును యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో కనుక్కోండి.

గైడు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇరవై పేజీల సినాప్సిస్ పట్టుకెళ్లొద్దు. ఈ దసరా సెలవుల్లో పైన చెప్పిన వాటిలో ఒక్కటి పట్టుకుని, ఒక్క గుడి లేదా ఒక్క మండలం చూసి, దొరికిన ఒక కాగితం జిరాక్సు, మీరు మాట్లాడిన ముగ్గురు చెప్పింది, మీకు అర్థం కాని ఒక ప్రశ్న, ఇవి రెండు పేజీల్లో రాయండి. దాన్ని చదివి మీ గైడు ఎదురు ప్రశ్న వేస్తే అక్కడ చేరండి. "బాగుందమ్మా, రాజ్యాంగ సభ చర్చలు కూడా కలుపు" అని పక్కన పెట్టేస్తే ఇంకొకరిని వెతుక్కోండి.